శ్రీకాకుళం, విజయనగరం నుంచి సినిమా చదువుకు: ఫోను పట్టిన రోజు నుంచి ఇంటర్వ్యూ గది దాకా

సినిమా చూడ్డం ఇష్టమా, తీయడం ఇష్టమా అన్నది ఫీజు కట్టాక తేల్చుకుంటే చాలా ఖరీదవుతుంది. ప్రైవేటు ఫిల్మ్ స్కూళ్ల ఫీజులు లక్షల్లో ఉంటాయి. అదే సంగతి చేతిలో ఉన్న ఫోనుతో, పొందూరుకో కళింగపట్నానికో బస్సు ఛార్జీతో రెండు నెలల్లో తేలిపోతుంది. అందుకే ఇక్కడ కాలేజీల పేర్లు సగం దాటాక గానీ రావు. ముందు మూడు నిమిషాల సినిమా ఒకటి తీయాలి. తీస్తున్నప్పుడు ఏ పని దగ్గర మీకు అన్నం వేళ గుర్తురాలేదో చూసుకోవాలి. దరఖాస్తులో రాయాల్సిన కోర్సు పేరు అదే.

ఎందుకంటే పెద్ద ఫిల్మ్ స్కూళ్లలో ‘సినిమా’ అని ఒకే కోర్సు ఉండదు. దర్శకత్వం, ఛాయాగ్రహణం, ఎడిటింగ్, సౌండ్, ఆర్ట్ డైరెక్షన్, స్క్రీన్ రైటింగ్, నటన ఇలా విడివిడిగా ఉంటాయి. చేరేటప్పుడే ఒకటి ఎంచుకోవాలి, మధ్యలో మారడం కుదరదనే అనుకోండి. మనవైపు పిల్లల్లో ఎక్కువమంది డైరెక్షనే రాస్తారు. మిగతా పనులు రుచి చూసే అవకాశం లేక రాసేది అది.

చూపు మార్చుకోవడం: ఒక వారం

మీకు బాగా నచ్చిన సినిమాలోంచి రెండు నిమిషాల సన్నివేశం తీసుకోండి. మొదటిసారి మ్యూట్‌లో చూడండి. రెండోసారి స్క్రీన్ బోర్లా పెట్టి వినండి. మూడోసారి కాగితం, పెన్ను పట్టుకుని, బొమ్మ మారిన ప్రతిసారీ ఆపి మూడు సంగతులు రాయండి: ఎవరు కనిపిస్తున్నారు, ఎంత దగ్గరగా కనిపిస్తున్నారు, సరిగ్గా ఎక్కడ కట్ అయింది. మాట మధ్యలోనా, చూపు తిప్పినప్పుడా, తలుపు చప్పుడుకా? రెండు నిమిషాల్లో ముప్పై నలభై కట్‌లు వస్తే కంగారుపడకండి. అన్నీ రాయాల్సిందే. రోజుకో సన్నివేశం చొప్పున వారం రోజులు చేస్తే, ఎనిమిదో రోజు సినిమా చూస్తున్నప్పుడు కట్‌లు వాటంతట అవే కనిపించడం మొదలవుతుంది. ఆ అలవాటు ఇక పోదు. కొన్నాళ్లు సినిమా చూసే సుఖం కొంచెం తగ్గుతుంది, అంతే.

మొదటి సినిమాకు కథ వద్దు, పని కావాలి

మొదటి సినిమా అనగానే స్నేహితుల్ని పోగేసి ప్రేమకథో హత్యకథో మొదలెడతారు. నటన రాని నలుగురు, సరిగా వినిపించని డైలాగు, రెండో రోజు రాని హీరో. ఇక్కడే సగం మంది ఆగిపోతారు. దానికంటే ఒక మనిషి చేతిపనిని చిత్రించండి. పనికి మొదలూ చివరా ఉంటాయి. చేతులు ఒకే కదలికను పదిసార్లు చేస్తాయి కాబట్టి ఒకే యాక్షన్‌ను వేర్వేరు కోణాల్లో పట్టుకోవచ్చు. ఎవరికీ నటించే బాధ లేదు.

మన రెండు జిల్లాల్లో ఇలాంటి పనులకు కొదవ లేదు. బుడితిలో ఇత్తడి, బొబ్బిలి వీణ తయారీ, పలాసలో జీడిపప్పు ఒలవడం, తెల్లవారుజామున కళింగపట్నం ఒడ్డున వల లాగడం. ఇక్కడ ఉదాహరణకి పొందూరులో నూలు వడకడం తీసుకుందాం. అక్కడ పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి శుభ్రం చేస్తారు. ఆ సన్నటి పళ్లు దూది మీద చేసే చప్పుడు ఒక్కటీ సరిగ్గా రికార్డు చేసినా మీ సినిమాకు ప్రాణం వస్తుంది.

ముందు రోజు కెమెరా లేకుండా వెళ్లండి. “మామ్మా, మీరు వడుకుతుంటే కాసేపు కూర్చుని చూస్తాను” అని అడిగి గంటసేపు చూడండి. వెలుతురు ఏ వైపు నుంచి వస్తోంది, ఏ వేళకి కరెంటు పోతుంది, పక్కింట్లో టీవీ ఎప్పుడు మోగుతుంది, అన్నీ రాసుకోండి. ఒక సంగతి మరిచిపోవద్దు. వడికేవాళ్లకు కూలి చిలపల (నూలు కట్టల) లెక్కన వస్తుంది. మీరు “ఇంకోసారి, ఇంకోసారి” అని ఆపించిన ప్రతి పది నిమిషాలూ ఆమె కూలిలోంచే పోతుంది. ఆ పూట కూలి ఎంతవుతుందో ముందే అడిగి ఇచ్చేయండి. వీడియో ఎక్కడ చూపిస్తారో కూడా అప్పుడే చెప్పండి.

ఫోను సెట్టింగులు: అసలు తప్పులన్నీ ఇక్కడే

ఫోను కెమెరాలో ప్రో మోడ్ ఉంటే తెరవండి. లేకపోతే చేతి నియంత్రణలున్న కెమెరా యాప్ ఒకటి వేసుకోండి. ఫ్రేమ్ రేటు (సెకనుకు పట్టే బొమ్మల లెక్క) 24 లేదా 25, షట్టర్ (ఒక్కో బొమ్మకు వెలుతురు లోపలికి వచ్చే సమయం) 1/50 సెకను. ఇది ఊరికే చెప్పే అంకె కాదు. మన కరెంటు 50 హెర్ట్జ్. ట్యూబ్‌లైటు, చవకరకం ఎల్‌ఈడీ బల్బు సెకనుకు 100 సార్లు మిణుకుతాయి. ఫోను తనంతట తాను 30 ఫ్రేములు, 1/60 షట్టర్ పెట్టుకుంటే ఆ మిణుకుకూ షట్టర్‌కూ పొంతన కుదరక గోడ మీద నల్లటి చారలు పాకుతాయి. తీసేటప్పుడు చిన్న తెర మీద కనబడవు. ఇంటికెళ్లి లాప్‌టాప్‌లో చూస్తే కనబడతాయి, అప్పటికి చేసేదేమీ ఉండదు. 1/50 గానీ 1/100 గానీ పెడితే చారలు రావు. షట్టర్ మార్చే వీలే లేని ఫోనైతే లైటు ఆర్పేసి కిటికీ వెలుతురులో తీయండి. నిజానికి బొమ్మ కూడా అదే బాగుంటుంది.

ఎక్స్‌పోజర్ (బొమ్మ ఎంత వెలుగ్గా ఉండాలన్నది), ఫోకస్, వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగానే కనబడేలా రంగును సరిచేసేది) మూడూ లాక్ చేయండి. లాక్ చేయకపోతే ఆమె తెల్లచీర ఫ్రేములోకి రాగానే ఫోను మొత్తం బొమ్మను చీకటి చేస్తుంది, చేయి కదలగానే ఫోకస్ వెతుక్కుంటుంది. పగటి వెలుతురుకు వైట్ బ్యాలెన్స్ 5600 కెల్విన్, పసుపు బల్బుకు 3200. కిటికీ వెలుతురు, పసుపు బల్బు రెండూ ఒకే ఫ్రేములో ఉంటే ఏది పెట్టినా రెండోది తేడాగా కనిపిస్తుంది కాబట్టి ఒకదాన్ని ఆర్పేయండి.

మిట్టమధ్యాహ్నం ఆరుబయట 1/50 షట్టర్ పనిచేయదు, బొమ్మ తెల్లబారిపోతుంది. సాధారణంగా ఫోను లెన్సు అపర్చర్, అంటే వెలుతురు వచ్చే రంధ్రం, మారదు కదా. లెన్సు మీద పెట్టి వెలుతురు తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ కొనాలి, లేదా నీడలోకి జరగాలి, లేదా వేళ మార్చుకోవాలి. వేళ మార్చుకోవడమే తెలివైన పని. ఇక్కడ ఒక స్థానిక లెక్క గుర్తుంచుకోండి. మనం హైదరాబాదుకు బాగా తూర్పున ఉన్నాం, పొద్దు దాదాపు ఇరవై నిమిషాలు ముందే పొడుస్తుంది, ముందే కుంకుతుంది. డిసెంబరులో శ్రీకాకుళంలో సాయంత్రం 5:20 ప్రాంతానికే సూర్యుడు ఉండడు. సాయంత్రపు వెలుగు కోసం 5 గంటలకు బయల్దేరితే దారిలోనే చీకటి పడుతుంది. పైగా మన సముద్రం తూర్పు దిక్కు. ఒడ్డున మనిషి ముఖం మీద మెత్తటి ఎండ పడాలంటే అతన్ని సముద్రం వైపు తిప్పి ఉదయం ఆరూ ఏడు మధ్య తీయాలి. సాయంత్రం అదే చోట ఎండ వీపు వైపు నుంచి వస్తుంది, ముఖం నల్లగా పడుతుంది.

మిగిలినవి చిన్నచిన్నవే గానీ రోజంతా పాడుచేస్తాయి. లెన్సు నూనె వేళ్లతో ముట్టుకుని ఉంటారు, తుడవండి. ఏరోప్లేన్ మోడ్ పెట్టండి, లేదంటే మంచి షాటు మధ్యలో ఫోన్ వస్తుంది. డిజిటల్ జూమ్ వాడకండి, కాళ్లతో దగ్గరికి వెళ్లండి. హెచ్‌డీలో నిమిషానికి సుమారు 130 ఎంబీ పడుతుంది. అరగంట ఫుటేజీకి 4 జీబీ, కాబట్టి కనీసం 10 జీబీ ఖాళీ చేసుకుని వెళ్లండి. మే నెల ఎండలో ఫోను వేడెక్కి కెమెరా ఆగిపోతుంది. షాటు షాటుకూ మధ్య తడిగుడ్డ కాదు, నీడ చాలు.

షాట్లు: తెగిన పోగు కోసం కాచుకోండి

ఆమె ముఖం నుంచి కదురు దాకా గాలిలో ఒక గీత గీసినట్టు ఊహించుకోండి. కెమెరా ఎప్పుడూ ఆ గీతకు ఒకే పక్కన ఉండాలి. గీత దాటితే ఎడిటింగులో రాట్నం ఒక షాటులో కుడివైపు, ఇంకో షాటులో ఎడమవైపు ఉంటుంది. చూసేవాడికి ఎందుకో తెలీదు గానీ చికాకు పుడుతుంది.

ముందు తలుపు చట్రంలోంచి వైడ్, అంటే గదంతా కనిపించే షాటు, 20 సెకన్లు. తర్వాత పక్కనుంచి మిడ్ షాటు, రాట్నం తిప్పే చేయీ నూలు లాగే చేయీ రెండూ కనిపించేలా, ఆపకుండా ఒక నిమిషం. ఆ మీదట క్లోజప్పులు: ఏకు కొసలోంచి పోగు పుట్టే చోటు, కదురు మీద నూలు చుట్టుకోవడం, పోగు మీదే నిలిచిన కళ్లు, చేప దవడ కింద దూది. ఏ షాటైనా కనీసం 10 సెకన్లు పట్టండి. ఎంత బాగున్నా మొదటి మూడు సెకన్లు, చివరి మూడు సెకన్లు కట్ వేసుకోవడానికి మిగలాలి. కిటికీ ఎదురు పక్క ముఖం మరీ చీకటిగా ఉంటే థర్మోకోల్ షీటు ఒకటి మూడు నాలుగు అడుగుల దూరంలో నిలబెట్టండి. పెద్ద షూటింగుల్లోనూ వాడే చిట్కా ఇది.

ఆ తర్వాత కాచుకుని కూర్చోండి. ఎప్పుడో ఒకసారి పోగు తెగుతుంది. రాట్నం ఆగుతుంది. చప్పుడు పోతుంది. ఆమె తెగిన కొసను ఏకుకు ఆనించి, వేళ్ల మధ్య మెలిపెట్టి, మళ్లీ చక్రం తిప్పుతుంది. ఆ అర నిమిషం మీ మూడు నిమిషాల సినిమాకు కథ. ఒకసారి తెగినప్పుడు మిడ్ షాటులో పట్టండి, ఇంకోసారి తెగినప్పుడు వేళ్ల క్లోజప్పు. “మామ్మా, ఓసారి తెంపండి” అని అడగొద్దు. కావాలని తెంపిన చేయి వేరేగా కదులుతుంది, అది కెమెరాకు తెలిసిపోతుంది.

చప్పుడు

బొమ్మ కొంచెం మసకగా ఉన్నా జనం చూస్తారు. మాట వినబడకపోతే పది సెకన్లకు లేచిపోతారు. ఫ్యాను ఆపించండి, ఫ్రిజ్ ఉంటే ఆ కాసేపూ స్విచ్ తీయించి, వచ్చేటప్పుడు మళ్లీ వేయడం మీ బాధ్యతగా పెట్టుకోండి. రెండో ఫోనును రికార్డరుగా వాడి, రాట్నానికి జానెడు దూరంలో మెత్తటి గుడ్డ మీద పెట్టండి. నేరుగా నేల మీద పెడితే అదురు కూడా రికార్డవుతుంది. వేవ్ ఫైలు, 48 కిలోహెర్ట్జ్, శబ్దం మీటరు మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆడేలా చూసుకోండి. సున్నాను తాకితే పగిలిన శబ్దం వస్తుంది, దాన్ని ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా అతకలేదు. రెండు ఫోన్లూ ఆన్ చేసి ఫ్రేములో ఒక చప్పట్లు కొడితే ఎడిటింగులో కలుపుకోవడానికి గుర్తు దొరుకుతుంది. వచ్చేముందు ఎవరూ మాట్లాడకుండా ఖాళీ గది శబ్దం 30 సెకన్లు రికార్డు చేయండి. కట్‌ల మధ్య గుంటలు పూడ్చడానికి అదే మట్టి.

సముద్రం ఒడ్డున తీస్తే గాలిదే అసలు గొడవ. మైకు మీద బొచ్చు తొడుగు లేకుండా కళింగపట్నంలోనో బారువలోనో మాటలు రికార్డు చేయడం వృథా. కాలరు మైకును చొక్కా లోపల బట్టకు తగలకుండా టేపుతో అంటించి, మనిషిని గాలికి వీపు పెట్టి నిలబెట్టండి.

ఎడిటింగు: ఆరు నిమిషాలను మూడు చేయడం

ఫుటేజీ లాప్‌టాప్‌లోకి కేబులుతోనే ఎక్కించండి. వాట్సాప్‌లో వీడియోగా పంపితే అది నలిపేసి పంపుతుంది, ఆ బొమ్మ మళ్లీ రాదు. ఎక్కించగానే రెండో కాపీ వేరే డిస్కులో. అప్పటిదాకా ఫోనులోంచి ఏదీ చెరపొద్దు.

ఫోనులో ఒక మాయరోగం ఉంటుంది. వెలుతురు తగ్గితే ఫ్రేమ్ రేటును తనకు తోచినట్టు పైకీ కిందకీ మారుస్తుంది. విడిగా రికార్డు చేసిన శబ్దం మొదట్లో సరిగ్గా కూర్చుని, పది నిమిషాలయ్యేసరికి పెదాలకూ మాటకూ పొంతన తప్పేది అందుకే. హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేరులో కాన్‌స్టంట్ ఫ్రేమ్ రేట్ ఎంచుకుని ఫైళ్లను మార్చుకున్నాకే ఎడిటింగు మొదలుపెట్టండి. ఎడిటింగుకు డావిన్చీ రిజాల్వ్ ఉచిత రూపం చాలు. 16 జీబీ ర్యామ్ లేని లాప్‌టాప్ దాన్ని మోయలేక ఈడుస్తుంది. అలాంటప్పుడు షాట్‌కట్ లేదా కెడెన్‌లైవ్ వాడండి, అవీ ఉచితమే.

మొదటి కూర్పు ఆరు నిమిషాలు వస్తుంది. రావాలి కూడా. రెండు రోజులు దాని మొహం చూడకుండా వదిలేసి, తర్వాత నాలుగుకు, ఆపైన మూడుకు దించండి. కట్ వేసే చోటు ఇలా వెతకండి: మిడ్ షాటులో చేయి పోగును లాగుతూ వెనక్కి వెళ్తోంది. చేయి సగం దారిలో ఉండగా ఆపి, క్లోజప్పులో అదే సగం దారి నుంచి మొదలుపెట్టండి. కదలిక కట్‌ను మింగేస్తుంది. చేయి ఆగిపోయాక కట్ చేస్తే అతుకు కనిపిస్తుంది. ఇంకోటి: రాట్నం చప్పుడును బొమ్మకంటే 12 ఫ్రేములు, అంటే అర సెకను, ముందు వినిపించండి. వీధి వైడ్ మీద లోపలి రాట్నం వినబడి, ఆ తర్వాత లోపలికి కట్ అవుతుంది. చూసేవాడు మనతో పాటు గుమ్మం దాటినట్టు ఉంటుంది.

పోగు తెగిన చోట సంగీతం పెట్టాలని చేయి లాగుతుంది. పెట్టకండి. అక్కడ ఉన్న నిశ్శబ్దం కోసమే కదా అరగంట కాచుకున్నది.

ఇప్పుడు తేల్చుకోండి

మూడు నిమిషాలు అయ్యాయి. పొందూరు నుంచి వచ్చేసినా ఆ కిటికీ వెలుతురే కళ్లలో ఉందంటే ఛాయాగ్రహణం. రాత్రి రెండు దాకా అదే కట్‌ను మూడు ఫ్రేములు అటూ ఇటూ జరిపినా విసుగు రాలేదంటే ఎడిటింగు. బస్సులో కూర్చుని ఇంజను శబ్దంలో రెండు స్థాయిలు విడిగా వినిపించాయంటే సౌండు. మామ్మని మాటల్లో పెట్టి, పక్కింటివాళ్లని ఒప్పించి, మిత్రుడికి చప్పట్ల పని అప్పగించి, ఇవన్నీ ఒకే ఉద్దేశంతో నడపడం హాయిగా అనిపిస్తే దర్శకత్వం గురించి ఆలోచించవచ్చు. ఇంత చేశాక ఏదీ పట్టుకోలేదా? చూడ్డమే మీ ఇష్టం. అదేం తక్కువ ఇష్టం కాదు, పైగా అర డజను లక్షలు మిగిలాయి.

దర్శకత్వం, రచన వైపు మనసు పోతే రెండో సినిమా కల్పిత కథతో, ఐదు నిమిషాలకు మించకుండా తీయండి. కథల కోసం శ్రీకాకుళంలోని కథానిలయానికి వెళ్లండి. కారా మాస్టారు (కథకుడు కాళీపట్నం రామారావు) 1997లో పెట్టిన ఆ గ్రంథాలయంలో వేల తెలుగు కథలున్నాయి. రోజుకు రెండు చొప్పున చదివి, ఒక్కో కథలో కెమెరాకు కనిపించేది ఏది, రచయిత మాటల్లో మాత్రమే ఉన్నది ఏది అని విడదీసి రాయండి. స్క్రీన్‌ప్లేకు ఇంతకంటే మంచి బడి మన జిల్లాల్లో లేదు.

హక్కుల సంగతి జాగ్రత్త. మన చట్టంలో రచయిత పోయాక 60 ఏళ్ల దాకా కాపీరైటు ఉంటుంది. గురజాడ 1915లో పోయారు, ఆయన కథలు ఎవరైనా తీసుకోవచ్చు. రావిశాస్త్రి పోయింది 1993లో, చాసో 1994లో, కారా మాస్టారు 2021లో. వాళ్ల కథలు తీయాలంటే కుటుంబం దగ్గర రాతపూర్వక అనుమతి ఉండాలి. “స్టూడెంట్ ఫిల్మే కదా” అనుకుని తీస్తే పోటీలకు పంపే వేళ హక్కుల పత్రం అడుగుతారు, సినిమా డ్రాయరులోనే ఉండిపోతుంది.

డైలాగు రాసేటప్పుడు మన యాసను మనమే వెక్కిరించుకోకండి. తెలుగు తెర మీద ‘ఏటి’ అనగానే నవ్వాలన్న అలవాటు చాలాకాలం నడిచింది. మీ పాత్ర “వచ్చీసినాను, తినీసినాను” అని దుఃఖంలో కూడా అంటుంది కదా, దుఃఖంలోనే అనిపించండి. ఒక పాత్ర మొదటి సీనులో ‘ఎల్తన్నాను’ అని చివరి సీనులో ‘వెళ్తున్నాను’ అనకుండా చూసుకోండి. మార్పు ఉంటే దానికి కారణం ఉండాలి.

ఎక్కడ చదవాలి

ప్రభుత్వ సంస్థల్లో మొదటివరస రెండు. పుణెలోని ఎఫ్‌టీఐఐ (ఫిల్మ్ అండ్ టెలివిజన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియా) 1960లో పాత ప్రభాత్ స్టూడియో ఆవరణలో మొదలైంది. కోల్‌కతాలోని సత్యజిత్ రే ఇన్‌స్టిట్యూట్ 1995లో వచ్చింది. 2025లో రెండింటికీ డీమ్డ్ యూనివర్సిటీ హోదా దక్కింది. రెండింటిలోనూ ప్రధాన కోర్సులు డిగ్రీ తర్వాతవే. దర్శకత్వం, ఛాయాగ్రహణం, ఎడిటింగుకు ఏ డిగ్రీ అయినా సరిపోతుంది. ఇంటర్ పిల్లలు అసలు తెలుసుకోవాల్సింది సౌండ్ గురించి. దానికి డిగ్రీతో పాటు ఇంటర్‌లో ఫిజిక్స్ ఉండాలి. ఎంపీసీ, బైపీసీ వాళ్లకు చిక్కు లేదు. సీఈసీ, హెచ్‌ఈసీ, ఎంఈసీ తీసుకున్నాక సౌండ్ మీద మనసు పడితే దారి మూసుకుపోతుంది. ఎఫ్‌టీఐఐ ఆర్ట్ డైరెక్షన్‌కు ఫైన్ ఆర్ట్స్, ఆర్కిటెక్చర్ లాంటి డిగ్రీ అడుగుతారు. రంగులు సరిగా పోల్చుకోలేనివాళ్లను కొన్ని కోర్సులకు తీసుకోని నియమం ఒకప్పుడు ఉండేది. 2022లో సుప్రీంకోర్టు దాన్ని తీసేయమంది. ఆ కారణంతో ఆగిపోయినవాళ్లు ఇప్పుడు ధైర్యంగా రాయొచ్చు.

దగ్గర్లో కావాలంటే విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉంది. థియేటర్ ఆర్ట్స్, జర్నలిజం విభాగాలున్నాయి. నటన, దర్శకత్వం వైపు వెళ్లేవాళ్లకు నాటకం నేర్చుకోవడం తక్కువ మెట్టు కాదు. హైదరాబాదులో జేఎన్‌ఏఎఫ్‌ఏయూ (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం) ఫైన్ ఆర్ట్స్ కోర్సులు, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో కమ్యూనికేషన్ విభాగం, ప్రైవేటులో అన్నపూర్ణ కాలేజీ, రామానాయుడు ఫిల్మ్ స్కూల్ ఉన్నాయి. చెన్నైలో ఎల్.వి.ప్రసాద్ అకాడమీ. ప్రైవేటు సంస్థకు వెళ్లేముందు మూడు ప్రశ్నలు అడగండి: పట్టా ఏ యూనివర్సిటీ ఇస్తుంది, ఒక్కో విద్యార్థి కోర్సు ముగిసేలోగా తనే బాధ్యత వహించి ఎన్ని ప్రాజెక్టులు చేస్తాడు, పోయిన ఏడాది విద్యార్థుల సినిమాలు ఎక్కడ చూడొచ్చు. మూడోదానికి జవాబు తడబడితే మిగతా రెండూ వినక్కర్లేదు.

డబ్బు విషయం ఇంట్లో కూర్చుని కాగితం మీద లెక్కేయండి. ఫీజు ఒక్కటే కాదు, హాస్టలు, ప్రాజెక్టు ఖర్చులు, రాకపోకలు. విద్యారుణానికి విద్యాలక్ష్మి పోర్టల్‌లో దరఖాస్తు పెట్టొచ్చు. బ్యాంకుల మామూలు పథకంలో సాధారణంగా 7.5 లక్షలు దాటితే ఆస్తి చూపాలి. యూనివర్సిటీ గుర్తింపు లేని డిప్లొమా అంటే మేనేజరు తల అడ్డంగా తిప్పుతాడు. “సినిమా అంటే ఏం బతుకురా” అనే నాన్నగారికి ఉపన్యాసం ఇవ్వకండి. ఆ మూడు నిమిషాల సినిమా టీవీకి తగిలించి చూపించండి. పొందూరు మామ్మ చేతులు మీకంటే బాగా మాట్లాడతాయి.

పరీక్ష, ఇంటర్వ్యూ

ఎఫ్‌టీఐఐ, కోల్‌కతా రెండింటికీ ముందు రాతపరీక్ష, నెగ్గినవాళ్లకు రెండో దశలో ఇంటర్వ్యూ. తేదీలు, సిలబస్ ఏటా నోటిఫికేషన్‌లో వస్తాయి, పాత ఏడాది కాగితం నమ్ముకోవద్దు. ప్రశ్నపత్రం తెలుగులో ఉండదు. కాబట్టి కనీసం ఆరు నెలల ముందు నుంచి రోజుకో పేజీ ఇంగ్లీషులో రాయడం అలవాటు చేసుకోండి. ఒక ఫొటో చూసి అందులోంచి సన్నివేశం రాయడం, మీ వీధిలో ఉదయం ఐదింటికి వినిపించే శబ్దాలను వరసగా రాయడం లాంటివి మంచి సాధన.

ఇంటర్వ్యూలో ప్రపంచ సినిమా పేర్లు వల్లెవేసే కుర్రాళ్లు వాళ్లకు కొత్త కాదు. ఒక పేరు చెబితే అందులో ఒక షాటు గురించి అడుగుతారు, చూడని సినిమా పేరు ఎత్తితే అక్కడే దొరికిపోతారు. మీ ఊరి గురించి మాత్రం మీకంటే తెలిసినవాళ్లు ఆ గదిలో ఉండరు. విజయనగరం సిరిమానోత్సవంలో సిరిమాను (పూజారి కొసన కూర్చునే పొడవాటి మాను) మూడు లాంతర్లు కూడలి దగ్గరి గుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిరుగుతుంది. మొదటి చుట్టులో ఎక్కడ నిలబడి ఏం తీయలేకపోయారో, రెండో చుట్టుకు ఎక్కడికి జరిగారో చెప్పగలిగితే మీకు డాక్యుమెంటరీ ఆలోచన ఉందని వాళ్లకు తెలుస్తుంది. ఛాయాగ్రహణానికి వెళ్తే మీరే తీసిన పదిహేను ఇరవై ఫొటోలు ప్రింటు వేయించి పట్టుకెళ్లండి. పెళ్లి ఫొటోల్లా రంగులు పెంచినవి వద్దు.

స్కూలు దారి కుదరకపోతే హైదరాబాదులో అసిస్టెంటుగా చేరడం పాతదారే, ఇప్పటికీ నడుస్తోంది. క్లాప్ కొట్టడం, కంటిన్యుటీ (ఒక షాటులోని బట్టలు, వస్తువులు తర్వాతి షాటులో మారకుండా చూసే లెక్క) రాయడం దగ్గర మొదలవుతుంది. మొదట్లో జీతం నామమాత్రం, ఒక్కోసారి అదీ ఉండదు. కనీసం ఏడాది తిండికీ అద్దెకూ చేతిలో ఉండాలి. ఆడిషన్‌కో అవకాశానికో డబ్బు అడిగినవాడు ఎవడైనా సరే, అక్కడి నుంచి లేచి వచ్చేయండి. పని ఇచ్చేవాడు డబ్బు ఇస్తాడు గానీ అడగడు.

ఇంటర్వ్యూకు వెళ్లే ముందు రోజు పని ఒకటి మిగిలింది. మీ సినిమాకు ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ బొమ్మ మీదే అచ్చయ్యేలా వేయండి. విడి ఫైలుగా పెడితే వాళ్ల కంప్యూటర్లో తెరుచుకోకపోవచ్చు. తెలుగు టైటిలును సరిచూడండి, కొన్ని ఎడిటింగు సాఫ్ట్‌వేర్లలో ఒత్తులు విడిపోయి పక్కకు పడతాయి. అలా జరిగితే అక్షరాలను విడిగా బొమ్మగా తయారుచేసి, పీఎన్‌జీ ఫైలుగా పైన అతికించండి. ఎంపీ4, హెచ్.264 రూపంలో రెండు పెన్‌డ్రైవుల్లో పెట్టి, ఒకటి సంచిలో, ఒకటి జేబులో ఉంచుకోండి. పుణెకైతే కోణార్క్ ఎక్స్‌ప్రెస్ శ్రీకాకుళం రోడ్, విజయనగరం మీదుగానే వెళ్తుంది, కోల్‌కతాకు ఈస్ట్ కోస్ట్ ఎక్స్‌ప్రెస్ ఉంది. పుణె బండి ఒక రోజు పైనే నడుస్తుంది, ఆలస్యమూ అవుతుంది. ఇంటర్వ్యూకు ఒక రోజు ముందే దిగేలా టికెట్టు తీసుకోండి.